ఒక్క ప్రోగ్రామ్ పెడితేనే ఆగిపోయే కంప్యూటర్: తప్పు ఎక్కడ వెతకాలి?

ఇంట్లో కంప్యూటర్ బాగు చేయడానికి వచ్చిన మనిషికి మనం చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "మిగతావన్నీ బాగానే పనిచేస్తాయి, ఆ ఒక్క ప్రోగ్రామ్ పెడితేనే ఆగిపోతుంది." ఇందులో మొదటి సగం నిజమే, రెండో సగమూ నిజమే. ఆ రెంటినీ కలిపి మనం చేసుకునే తీర్మానం, అంటే తప్పంతా ఆ ప్రోగ్రామ్‌దేనని, యంత్రంలో లోపమేమీ లేదని అనుకోవడం మాత్రం చాలాసార్లు దారి తప్పిస్తుంది. బోరు మోటారు వేసినప్పుడల్లా ఇంట్లో లైట్లు మసకబారుతుంటే మోటారు చెడిపోయిందని ఎవరూ అనరు; మోటారు లాగే కరెంటును వైరింగో, మీటరు దగ్గర వదులైన కనెక్షనో మోయలేకపోతోందని అంటారు. కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి అదే మనుషులు మోటారును తిట్టడం మొదలుపెడతారు.

కిందటి వేసవిలో మా ఇంట్లో జరిగింది ఇదే. మల్కాజిగిరిలో మా దగ్గరే ఉండి డిగ్రీ చదువుకుంటున్న మా మేనల్లుడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నాడు. క్లిప్పులు కత్తిరించడం, రంగులు సరిచేయడం, పాటలు అతికించడం వరకు కంప్యూటర్‌కు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. పూర్తయిన వీడియోను ఎక్స్‌పోర్ట్‌కు, అంటే అన్నీ కలిపి ఒకే ఫైలుగా తయారు చేయడానికి పెట్టిన కొంతసేపటికి మాత్రం ఏ సందేశమూ లేకుండా, ఎవరో ప్లగ్గు పీకినట్టు టప్పున ఆరిపోయేది. "మామా, మళ్లీ పోయింది" అన్న కేక వారానికి మూడు నాలుగు రాత్రులు వినిపించేది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే ఊరంతా సీటీసీ అని పిలిచే చోటికి తీసుకెళ్తే, అక్కడొక దుకాణంలోని కుర్రవాడు సంగతి సగం వినగానే "ఒకసారి ఫార్మాట్ కొట్టి చూద్దాం సార్" అన్నాడు. కొట్టాడు. దుకాణంలో గంటన్నరసేపు ఎక్స్‌పోర్ట్ నడిచింది, ఎక్కడా ఆగలేదు. ఇంటికి తెచ్చిన మూడో రాత్రి మళ్లీ ఆరిపోయింది. అసలు కారణం దొరకడానికి మరో నెల పట్టింది, దానికి ముందు మేం నేర్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

పడిపోయింది ప్రోగ్రామా, యంత్రమా?

"క్రాష్" అనే ఒక్క మాటతో మనం కనీసం నాలుగు వేర్వేరు సంఘటనలను పిలుస్తున్నాం. ప్రోగ్రామ్ ఒక్కటే మూసుకుపోయి వెనక డెస్క్‌టాప్ మామూలుగా కనిపించడం ఒకటి, తెర బిగుసుకుపోయి మౌస్ కూడా కదలకపోవడం మరొకటి. నీలి తెర మీద ఏదో ఒక కోడ్ చూపించి రీస్టార్ట్ కావడం మూడోది. చడీచప్పుడు లేకుండా యంత్రమే ఆరిపోవడం నాలుగోది. ఈ తేడా చెప్పకుండా "క్రాష్ అవుతోంది" అనడం డాక్టరు దగ్గరకు వెళ్లి "ఒంట్లో బాగోలేదు" అని ఊరుకోవడం వంటిది.

ఈ తేడాకు అంత విలువ ఎందుకంటే, ఈనాటి విండోస్‌లో మామూలు ప్రోగ్రామ్‌కు యంత్రాన్ని మొత్తంగా పడగొట్టే అధికారం లేదు. ప్రాసెసర్ తన పనిని రెండు అంతస్తులుగా విడదీసుకుంటుంది: మనం వాడే ప్రోగ్రామ్‌లన్నీ అధికారం లేని పై అంతస్తులో ఉంటాయి, కెర్నెల్ అనే విండోస్ గుండెకాయ, గ్రాఫిక్స్ కార్డు చేత పని చేయించే డ్రైవర్ వంటివి సర్వాధికారాలున్న కింది అంతస్తులో ఉంటాయి. పై అంతస్తులోని ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకోబోతే విండోస్ దాన్నొక్కదాన్నే ముగించి, మిగతా పనులను కొనసాగనిస్తుంది. విండోస్ 95, 98 రోజుల్లో ఈ గోడ బలహీనంగా ఉండి ఒక్క చెడ్డ ప్రోగ్రామ్ మొత్తం యంత్రాన్ని ముంచగలిగేది. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో గట్టి గోడ ఇళ్లలోని కంప్యూటర్లకూ చేరింది. కాబట్టి ప్రోగ్రామ్ ఒక్కటే పోతే అనుమానం మొదట ప్రోగ్రామ్ మీద, దానికి తగిలించుకున్న ప్లగిన్ల మీద, అది తెరిచిన ఫైలు మీద పెట్టుకోవచ్చు. యంత్రమే పోయిందంటే మాత్రం కింది అంతస్తులోని డ్రైవర్ గాని, ఇంకా కిందనున్న లోహమూ తీగలూ గాని తప్పు చేసి ఉండాలి. ప్రోగ్రామ్ చేసింది వాటి చేత పని చేయించడమే.

కింది అంతస్తులో తప్పు జరిగితే ఏమవుతుందో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన కెర్నెల్ డ్రైవర్ చదువుకునే ఒక ఫైలును తప్పుగా పంపడంతో, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం, దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరకు వచ్చి నిలిచిపోయాయి; శంషాబాద్‌లో విమానం ఎక్కేవారికి చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వవలసి వచ్చింది. కొన్ని ఆన్‌లైన్ ఆటలు మోసాలను పట్టుకోవడానికి ఇలాంటి కెర్నెల్ డ్రైవర్లనే వెంట తెచ్చుకుంటాయి. పేరుకు ఆట పై అంతస్తుదే అయినా దాని కాపలాదారు కింది అంతస్తులో కూర్చుంటాడు గనుక, ఒక ఆట పెడితేనే నీలి తెర వస్తున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

యంత్రం రాసుకున్న డైరీ

ఫార్మాట్ మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం డబ్బు గురించి కాదు, అది సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. విండోస్ తన కష్టాలన్నింటినీ రాసిపెట్టుకుంటుంది. స్టార్ట్ మెనూలో "రిలయబిలిటీ" అని కొడితే తెరుచుకునే రిలయబిలిటీ మానిటర్ రోజువారీ పట్టికగా ఏ తేదీన ఏది పడిపోయిందో ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. మరింత వివరం కావాలంటే ఈవెంట్ వ్యూయర్ ఉంది. ప్రోగ్రామ్ ఒక్కటే మూసుకుపోయిన సందర్భంలో అక్కడ 1000 అనే సంఖ్యతో ఒక నమోదు ఉంటుంది, అందులో తప్పు జరిగిన మాడ్యూల్ (ప్రోగ్రామ్‌లోని ఒక భాగం) పేరు, ఆ మాడ్యూల్‌లో ఎన్నో చోట జరిగిందో చెప్పే ఆఫ్‌సెట్ ఉంటాయి. ఒక్క నమోదు చూసి ఏదీ తేల్చకూడదు; అయిదారు నమోదులను పక్కపక్కన పెట్టుకోవాలి. ప్రతిసారీ అదే మాడ్యూల్, అదే ఆఫ్‌సెట్ అయితే అది రాసినవాడి తప్పు, ఎన్నిసార్లు నడిపినా అదే మెట్టు మీద జారుతుంది. ఒకసారి ఒక మాడ్యూల్, మరోసారి ఇంకొకటి, ఇంకోసారి విండోస్ సొంత ఫైలు అని మారుతూ పోతుంటే ర్యామ్‌ను, ప్రాసెసర్‌ను, వాటికి అందే కరెంటును అనుమానించాలి. సాఫ్ట్‌వేర్‌కు ఇంత చపలత్వం అరుదు.

యంత్రం ఆరిపోయిన సందర్భంలో కనిపించేది కెర్నెల్ పవర్ 41 అనే నమోదు. పేరులో పవర్ అని ఉండటంతో దీన్ని చూసి ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును లోపలి భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె) మార్పించినవారు నాకు తెలిసినవాళ్లలోనే ముగ్గురున్నారు. నిజానికి ఆ నమోదు ఆరిపోయే క్షణంలో రాసింది కాదు, తిరిగి లేచాక రాసింది. రాత్రి తలుపు గడియ వేయకుండానే పడుకున్నామని పొద్దున లేచి గమనించి చెప్పుకున్న మాట లాంటిదే అది. గడియ ఎందుకు వేయలేదో దానికి తెలియదు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అనే గడి ఉంటుంది. అక్కడ సున్నా కాక మరో అంకె ఉంటే విండోస్ తప్పును గుర్తించి నీలి తెర వేసే వ్యవధి దొరికిందని అర్థం (2025 నుంచి విండోస్ 11లో అది నల్ల తెరగా మారింది, పని మాత్రం అదే). సున్నా ఉంటే ఏం జరిగిందో చూసుకునే లోపలే ప్రాణం పోయిందన్నమాట, అప్పుడు కరెంటు దారిని మొదట చూడటం న్యాయం. మా యంత్రంలో ఉన్నది సున్నా.

ఆ ప్రోగ్రామ్ మిగతావి అడగనిది ఏం అడుగుతోంది?

ఇక్కడినుంచి వేయవలసిన ప్రశ్న ఇది. బ్రౌజర్ తెరిచి యూట్యూబ్ చూస్తున్నప్పుడు ప్రాసెసర్ తన శక్తిలో చిన్న భాగమే వాడుతుంది. వీడియో ఎక్స్‌పోర్ట్, త్రీడీ రెండరింగ్, కొత్త ఆటలు వంటివి ప్రాసెసర్‌లో పని పంచుకునే అన్ని కోర్లనూ గ్రాఫిక్స్ కార్డునూ ఒకేసారి పూర్తి వేగంతో పరిగెత్తిస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడు డెబ్భై ఎనభై వాట్లు తీసుకునే యంత్రం అప్పుడు మూడు వందల వాట్లు లాగవచ్చు. వేడి పెరుగుతుంది, కరెంటు పెరుగుతుంది, మామూలు రోజుల్లో ఎవరూ ముట్టుకోని ర్యామ్ మూలలు కూడా వాడుకలోకి వస్తాయి.

ముందు వేడి సంగతి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే, గది ఎన్ని డిగ్రీలు పెరిగితే క్యాబినెట్ లోపలి భాగాలూ ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతాయి. (మన ఇళ్లలో ఆ పెట్టె మొత్తాన్ని సీపీయూ అంటారు, దాంతో సీపీయూ వేడెక్కింది అన్నప్పుడు పెట్టెనా, లోపలి ప్రాసెసర్‌నా అని ప్రతిసారీ అడగవలసి వస్తుంది.) అయితే వేడి మీద మోపే నిందల్లో సగం అన్యాయమైనవే. ఇప్పటి ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల దగ్గరకు చేరగానే ఆరిపోవు, వేగం తగ్గించుకుంటాయి. కాబట్టి వేడి వల్ల ముందు కనిపించేది నెమ్మదించడమే. ఫ్యాను ఆగిపోయినప్పుడో, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్‌కు మధ్యలో పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి అది వదులైనప్పుడో మాత్రమే అది ఆరిపోయేదాకా వెళ్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాధనంతో ఉష్ణోగ్రతలను సెకను సెకనుకూ ఫైలులోకి రాయించి, పడిపోయాక ఆ ఫైలులోని చివరి వరుస చూస్తే వాదన అక్కడితో తేలిపోతుంది. మాకు ఆ చివరి వరుసలో కనిపించింది 78 డిగ్రీలు. వేడి నిర్దోషి.

పడిపోవడానికి పట్టే సమయం కూడా సాక్ష్యమే. ప్రోగ్రామ్ భారం ఎత్తుకున్న మరుక్షణమే పోతే కరెంటు వైపు, పది పదిహేను నిమిషాలు నడిచి వేసవి మధ్యాహ్నాల్లో త్వరగా, తెల్లవారుజామున ఆలస్యంగా పోతే వేడి వైపు, ఎప్పుడూ ఒకే ఫైలు, ఒకే బటన్ దగ్గర పోతే సాఫ్ట్‌వేర్ వైపు, ఏ లెక్కకూ అందకుండా పోతే ర్యామ్ వైపు మొగ్గు చూపుతుంది. ఇవి తీర్పులు కావు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే సూచనలు.

స్క్రూడ్రైవర్ ముట్టుకోకుండా చేయగలిగిన ఒక పరీక్ష నాకు అన్నిటికంటే నచ్చుతుంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అనే అంకెను 100 నుంచి 99కి తగ్గిస్తే చాలా యంత్రాల్లో భారం పడినప్పుడు అందుకునే అదనపు వేగం, అంటే టర్బో, ఆగిపోయి ప్రాసెసర్ తన మామూలు వేగానికి పరిమితమవుతుంది. గ్రాఫిక్స్ కార్డు తాలూకు సాధనంలో పవర్ లిమిట్‌ను డెబ్భై శాతానికి దించవచ్చు. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు, అది అడిగే పనీ మారలేదు, మారింది లాగే శక్తి ఒక్కటే. ఇలా చేశాక పడిపోవడం ఆగిందంటే ప్రోగ్రామ్‌లోని తప్పు మీద పెట్టుకున్న అనుమానం చాలావరకు తీరిపోతుంది. మేము ఇలా తగ్గించి నాలుగు రాత్రులు ఎక్స్‌పోర్ట్ చేశాం. నెమ్మదిగా నడిచింది గాని ఒక్కసారీ ఆరిపోలేదు.

సందేశం చెప్పేదంతా నిజం కాదు

తెర మీద కనిపించే సందేశాన్ని వేదవాక్యంగా తీసుకోకూడదనడానికి ఇటీవలి కాలంలో ఇంటెల్ ఉదంతాన్ని మించినది లేదు. ఇంటెల్ 13, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న కొన్ని యంత్రాల్లో, అన్‌రియల్ ఇంజన్ అనే ఆటల తయారీ సాధనం మీద తయారైన ఆటలు తెరిచినప్పుడు "వీడియో మెమరీ చాలడం లేదు" అనే అర్థం వచ్చే సందేశంతో మూసుకుపోయేవి. మెమరీకి ఏ కొరతా లేని ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులున్నవారికీ అదే సందేశం. జనం ఆటను తిట్టారు, గ్రాఫిక్స్ డ్రైవర్లు మార్చారు, కార్డులు మార్చినవారూ ఉన్నారు. అసలు జరిగిందేమిటంటే, ఆ ఆటలు మొదలయ్యేటప్పుడు షేడర్లను (బొమ్మలకు వెలుగునీడలు వేసే చిన్న ప్రోగ్రామ్‌లను) విప్పుకోవడానికి ప్రాసెసర్‌లోని కోర్లన్నింటినీ ఒక్కసారిగా గట్టిగా వాడుకుంటాయి, ఆ భారం కింద ప్రాసెసర్ లెక్క తప్పేది. తప్పిన లెక్కతో వచ్చిన పాడైన డేటాను చూసి ప్రోగ్రామ్ తనకు తోచిన కారణం చెప్పేది. ప్రాసెసర్‌కు అవసరానికి మించిన వోల్టేజీ అందుతూ రావడం వల్ల అది క్రమంగా అరిగిపోతోందని 2024లో ఇంటెల్ అంగీకరించి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) సవరణలు విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. సవరణ ముందు ముందు జరిగే నష్టాన్ని ఆపుతుందే గాని అప్పటికే అరిగిన ప్రాసెసర్‌ను బాగు చేయదు. మీ యంత్రంలో ఆ తరం ఉంటే మదర్‌బోర్డు బయాస్ (యంత్రం లేవగానే ముందు నడిచే ప్రోగ్రామ్, ఆ సవరణ దీని ద్వారానే అందుతుంది) తాజాదో కాదో ముందుగా చూసుకోవాలి.

ర్యామ్ కూడా ఇలాగే మాట మారుస్తుంది. ఒక్క బిట్ తిరగబడితే అది ఫొటోలో పడితే ఒక చుక్క రంగు మారుతుంది, ఎవరికీ తెలియదు. ప్రోగ్రామ్ ఆదేశంలో పడితే ప్రోగ్రామ్ పోతుంది, కెర్నెల్‌లో పడితే నీలి తెర. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ర్యామ్‌ను ప్రామాణిక వేగం కంటే ఎక్కువ వేగంతో నడుపుతున్నవారు ముందు దాన్ని ఆపి చూడాలి, అదీ ఖర్చులేని పరీక్షే. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడిపితే ఒక్క ఎర్ర వరుస కనిపించినా ఆ ర్యామ్‌ను నమ్మకూడదు. ఏదీ కనిపించకపోతే మాత్రం అనుమానం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. మన మెకానిక్కులు ర్యామ్ బయటికి తీసి, బంగారు పూత ఉన్న అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ బిగిస్తారు. అది చాలాసార్లు పనిచేయడానికి కారణం రబ్బరు మహిమ కంటే తీసి మళ్లీ గట్టిగా బిగించడమే అయి ఉండవచ్చని నా అభిప్రాయం.

తప్పు నిజంగా సాఫ్ట్‌వేర్‌దే అయిన సందర్భాలూ ఉన్నాయి, వాటి గురించి క్లుప్తంగానే చెబుతాను. విండోస్‌లో కొత్త యూజర్ ఖాతా తెరిచి అందులో అదే ప్రోగ్రామ్ నడిపి చూడటం ఉత్తమమైన మొదటి అడుగు. అక్కడ బాగా నడిస్తే పాత ఖాతాలోని సెట్టింగులే పాడయ్యాయి. డీటీపీ పనులు చేసే ఇళ్లలో పాత తెలుగు ఫాంట్లు వందల కొద్దీ పేరుకుపోయి ఉంటాయి, వాటిలో ఒక్క ఫైలు పాడైనా తెరవగానే ఫాంట్లన్నిటినీ చదువుకునే ప్రోగ్రామ్ మాత్రమే పడిపోతుంది, మిగతావాటికి ఆ ఊసే తెలియదు. వర్డ్ వంటివి పేజీ కొలతల కోసం డిఫాల్ట్ ప్రింటర్ డ్రైవర్‌ను అడుగుతాయి గనుక ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ డ్రైవర్ కూడా వాటిని ముంచగలదు. 32 బిట్ల పాత ప్రోగ్రామ్‌కు సాధారణంగా 2 జీబీకి మించి మెమరీ అందదు, యంత్రంలో 32 జీబీ ఉన్నా పెద్ద ఫైలు దగ్గర అది చతికిలబడుతుంది. ఏవీఎక్స్ అనే కొత్త తరహా లెక్కల ఆదేశాలు తెలియని పాత ప్రాసెసర్ మీద అవి కోరే కొత్త ప్రోగ్రామ్ తెరవగానే మూసుకుపోతుంది, దానికి మందు లేదు.

రాత్రి ఎనిమిదిన్నర

మా యంత్రం దగ్గరకు తిరిగి వస్తే, బగ్‌చెక్ సున్నా, వేడి లేదు, శక్తి తగ్గిస్తే బాగుంది. సహజంగానే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించాం. మేనల్లుడు స్నేహితుడి దగ్గర మరొకటి అరువు తెచ్చి బిగించాడు. రెండో రోజు రాత్రి ఆరిపోయింది.

అప్పుడు పాత కేలండర్ వెనక పేజీ మీద పడిపోయిన వేళలన్నీ రాయడం మొదలుపెట్టాం. తొమ్మిది నమోదులయ్యేసరికి కంటపడిన సంగతి: అన్నీ రాత్రి ఏడుకూ పదకొండుకూ మధ్యవే. మేనల్లుడు కాలేజీ నుంచి వచ్చి, రాత్రి పూటే ఎక్స్‌పోర్ట్ పెడతాడు గనుక, ఇన్నాళ్లూ మేము ప్రోగ్రామ్‌కు అంటగట్టిన నేరం ఆ వేళది కూడా కావచ్చని మాకు తట్టలేదు. ఆదివారం పొద్దున ఏ పరిమితులూ పెట్టకుండా వరుసగా రెండుసార్లు ఎక్స్‌పోర్ట్ చేశాం. నడిచింది. వేసవి రాత్రుల్లో వీధిలోని ఏసీలన్నీ నడిచే వేళ మా ఇంట్లో ట్యూబ్‌లైటు అప్పుడప్పుడు ఒక్క రెప్పపాటు మినుకుమంటుంది, దుకాణంలో పగటిపూట అలాంటిదేమీ లేదు. ఇంట్లో ఆ మినుకు నుంచి కంప్యూటర్‌ను కాపాడవలసినది యూపీఎస్, దుకాణానికి మేము యూపీఎస్‌ను తీసుకెళ్లనే లేదు.

600 వీఏ యూపీఎస్ అది, అంటే సుమారు 360 వాట్లు మోయగలది, లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి. నాలుగేళ్లుగా ఎవరూ మార్చలేదు. కరెంటు మినుకుమన్న క్షణంలో భారమంతా ఆ బ్యాటరీ మీద పడుతుంది: ఖాళీగా ఉన్న యంత్రం 70 వాట్లు అడిగితే 12 వోల్టుల బ్యాటరీ ఆరు ఆంపియర్లు ఇస్తే చాలు, ఎక్స్‌పోర్ట్ నడుస్తూ 300 వాట్లు అడిగితే పాతిక ఆంపియర్లు ఇవ్వాలి. ముసలిదైన బ్యాటరీలో అంతర్గత నిరోధం 0.1 ఓమ్‌కు పెరిగిందనుకుందాం. ఆరు ఆంపియర్లకు పడిపోయే వోల్టేజీ 0.6 మాత్రమే, 11 వోల్టులకు పైనే ఉంటుంది. పాతిక ఆంపియర్లకు రెండున్నర వోల్టులు పడిపోయి తొమ్మిదిన్నరకు చేరుతుంది, ఆ స్థాయిలో యూపీఎస్ బ్యాటరీ అయిపోయిందనుకుని చేతులెత్తేస్తుంది. అదే మినుకు పగలూ రాత్రీ బ్రౌజర్ నడుస్తున్నప్పుడు కూడా వచ్చి ఉంటుంది, బ్యాటరీ అంతమాత్రం తట్టుకుంది గనుక మేమెప్పుడూ గమనించలేదు.

నిర్ధారణకు ఒక పనికిరాని క్లిప్పును ఎక్స్‌పోర్ట్‌కు పెట్టి, యూపీఎస్ వెళ్లే గోడ స్విచ్ ఆపాను. ప్లగ్గు పీకలేదు, పీకితే ఎర్తు కూడా తెగుతుంది. టక్కుమని రిలే శబ్దం, ఒక చిన్న కూత, ఆ వెంటనే గదిలో ఫ్యాన్ల హోరంతా ఒక్కసారిగా ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసి, ఏ ప్రోగ్రామూ తెరవకుండా అదే స్విచ్ ఆపితే యంత్రం నిక్షేపంగా నడుస్తూనే ఉంది.

మర్నాడు వెయ్యి రూపాయల చిల్లరకు బ్యాటరీ వచ్చింది, నాలుగు స్క్రూలు విప్పి రెండు తీగలు మార్చడమే పని. ఆ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ట్యూబ్‌లైటు మినుకుమంది, బల్ల కింద టక్కుమంది. మేనల్లుడూ నేనూ మాట ఆపి తెర వైపు చూశాం. ఎక్స్‌పోర్ట్ గడిలో 61 శాతం ఉంది. కాసేపటికి 62 అయింది.